తులసిదళం: గొప్ప హారరా, చేతబడికి ప్రచారమా?

అద్దెలైబ్రరీ:
యండమూరి వీరేంద్రనాథ్ హారర్ నవలల్లో ‘తులసిదళం’ని మించింది లేదని నా అభిప్రాయం. ‘ఇప్పుడు చదివితే నవ్వొస్తోంది’ అనే కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అది ముందు పుస్తకంగా రాలేదు నాయనా, ఎనభైల మొదట్లో ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చింది. మా పిన్ని ఆ పేజీలు చింపి, సూదీదారంతో కుట్టిన కట్ట నా దగ్గరుంది. ప్రతి భాగమూ గుండె ఝల్లుమనే చోట ఠక్కున ఆగిపోతుంది. పేజీ తిప్పితే ఇంకేదో కథ సగం, కింద ఒక కార్టూను. తరవాతేమైందో తెలియాలంటే వారం ఆగాల్సిందే. ఆ వారమే అసలు హారర్. ఏకబిగిన చదివి పడేసి భయం వెయ్యలేదంటే ఎలా?

కత్తెర:
వారం ఆగితే భయం, ఆగకపోతే లేదు అంటే అది పత్రిక గొప్పతనం, నవలది కాదు. పైగా సరుకు కూడా కొత్తదేం కాదు. ‘ది ఎక్సార్సిస్ట్’ నవల 1971లో, సినిమా 1973లో వచ్చేశాయి. చిన్నపిల్లకి అంతుచిక్కని బాధ, డాక్టర్లు చేతులెత్తెయ్యడం, ఆ తరవాత మంత్రాలు. చర్చి ఫాదర్ల బదులు మన మాంత్రికుల్ని పెట్టాడు, అంతేగా?

చందు_నెల్లూరు:
పీడీఎఫ్ ఉంటే పెట్టండి ప్లీజ్.

అద్దెలైబ్రరీ:
చందూ, పీడీఎఫ్‌లు ఇక్కడ అడగొద్దు. కొత్త ముద్రణలు వస్తూనే ఉన్నాయి, కొనుక్కో.

నైట్‌డ్యూటీ:
కత్తెర గారూ, పోలికలు లేవనను. కానీ అసలు తేడా వదిలేశారు. ఎక్సార్సిస్ట్‌లో చివరికి ఫాదర్లే దెయ్యాన్ని వదిలించాలి, ఇంకో దారి లేదు. ఇక్కడ డబ్బు కోసం పసిపిల్ల మీద కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. ఒకవైపు డాక్టరూ హిప్నాటిస్టూ వాళ్ల ప్రయత్నంలో వాళ్లుంటారు, ఇంకోవైపు మంత్రానికి మంత్రంతోనే విరుగుడు వెతుకుతుంటారు. పిల్ల ఏ దారిన బతికిందో రచయిత తేల్చడు.

నాకు ఒళ్లు జలదరించేది అక్కడే, శ్మశానాలూ పుర్రెలూ చూసి కాదు. నేను నర్సుని. రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తాయి, పేషెంటు మాత్రం మూలుగుతూనే ఉంటుంది. వరండాలో వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి ‘ఎవరో చేయించారమ్మా’ అంటుంది. కాదు అని చెప్పగలను గానీ, మరేంటి అంటే చెప్పడానికి ఆ పూట నా దగ్గర జబ్బు పేరు ఉండదు. ఆ తల్లి పరిస్థితిని ఇంత దగ్గరగా పట్టుకున్న తెలుగు నవల ఇంకోటి నేనైతే చదవలేదు.

మంజీర:
అక్కా, మంచిగ జెప్పినవ్ గని నా కోపమంత గా తేల్చకుంట ఇడిసిపెట్టుడు మీదనే. మా మెదక్ దిక్కు చేతబడిని బాణామతి అంటరు. చేసిండని అనుమానమొస్తె సాలు, ముసలోళ్లని గుంజకు కట్టేసి కొట్టిన్రు, పండ్లు రాలగొట్టిన్రు, పానం దీసిన్రు. గీ నవల సదివి సంపిన్రని నేనంటలేను. ఊర్లల్ల గది ముందు నుంచే ఉన్నది. గని ఉత్త దయ్యాల కత రాస్తె సదువుకున్నోడు నవ్వి ఊకుంటుండె. డాక్టర్ను, హిప్నాటిజాన్ని పక్కన కూసోవెట్టి రాసేసరికి గా సదువుకున్నోడు గూడ ‘ఏమో, ఉంటదేమో’ అనవట్టె. రచయిత్రి రంగనాయకమ్మ గీ నవలను తిడ్తూ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని పుస్తకం ఉత్తగనే రాసిందా?

అద్దెలైబ్రరీ:
తమ్ముడూ, ఆ లెక్కన విక్రమార్కుడి కథలు కూడా తగలబెట్టాలి. చందమామలో నెలనెలా బేతాళుణ్ణి చదివి ఎవడైనా శవాన్ని భుజానేసుకున్నాడా?

మంజీర:
బేతాళుడు పక్కింటి ముసలామె గాదు గద అన్నా. చందమామ సదివినోడు ఎవని మీదికి కట్టె వట్కపోతడు? తులసిదళంల మంత్రమేసెటోడు మనిషి. గా తేడా నీకు కనవడ్తలేదా?

కత్తెర:
ఆ ‘తేల్చకపోవడం’ గురించి ఒక్క మాట. నైట్‌డ్యూటీ గారు దాన్ని కళ అంటున్నారు, నేను వ్యాపారం అంటాను. హేతువాదీ పోకూడదు, భక్తుడూ పోకూడదు. నిజంగా సందేహంలోనే వదలాలనుకున్నవాడు కొనసాగింపుగా ‘తులసి’ రాస్తాడా? అందులో కాష్మోరా ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. 1986లో సినిమాకైతే ‘కాష్మోరా’ అని పేరే పెట్టేశారు.

నైట్‌డ్యూటీ:
‘తులసి’ రాయకుండా ఉండాల్సింది, ఆ విషయంలో మీతోనే ఉన్నాను. కానీ రెండోది చెడింది కాబట్టి మొదటిది కూడా కపటమే అంటే ఒప్పుకోను. మంజీర గారూ, సూటిగా అడుగుతున్నా: మీ ఊరి గ్రంథాలయంలో తులసిదళం ఉంటే తీసెయ్యమంటారా?

మంజీర:
తీసెయ్యమనను అక్కా. నేను గూడ తెల్లారేదాంక కూసోని సదివినోణ్ణే, ఆయన రాస్తె సదవకుంట ఉండలేం. గని గా బీరువల దాని పక్కనే రంగనాయకమ్మ పుస్తకం గూడ వెట్టాలె. మా బస్టాండు షాపుల తులసిదళం ఎప్పుడు వోయినా కనవడ్తది. ఆమెది ఒక్కసారి గూడ కనవడలే.

కత్తెర:
షాపువాడు అమ్ముడయ్యేదే పెడతాడు బ్రదర్. గ్రంథాలయానికి అయితే అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతా.