బాటిల్ బ్రష్ పచ్చగా ఉంది, పూలే రావట్లేదు

పెరటిమొక్క:
సిడ్నీలో మా బాటిల్ బ్రష్ (కాలిస్టెమాన్ విమినాలిస్), ‘కెప్టెన్ కుక్’ అనే పొట్టి రకం. నేలలో నాటి నాలుగేళ్లయింది. ఏటా జూలైలో పైనంతా కంచెలా సమంగా కత్తిరిస్తున్నాం. వసంతంలో నాలుగైదు పూలకు మించి రావట్లేదు. సిమెంటు గోడ వైపు లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటున్నాయి. ఎరువు చాలట్లేదా? లేబుల్ మీద మెలలూకా అని ఉంది, వేరే మొక్కా?

కణుపు:
ఎరువు సంగతి కాదండీ, జూలై కత్తిరింపే కారణం. సిడ్నీలో జూలై అంటే చలికాలం. అక్టోబరు, నవంబరుల్లో పూసే మొగ్గలు చలికాలానికే కొమ్మల కొసల్లో తయారై ఉంటాయి. మీరు కోసేస్తున్నది వాటినే.

పూలు వాడి ఎర్రటి కేసరాలు రాలడం మొదలవగానే కత్తిరించండి. ఒక కొమ్మను దగ్గరగా చూడండి: బ్రష్ (పూలగుత్తి) కొసలోంచే కొత్త చిగురు ముందుకు సాగుతుంది, వెనక గుండ్రటి గట్టి కాయలు పూసల్లా కాడను అంటుకుని మిగులుతాయి. అలా వదిలేస్తే కొమ్మ పొడవుగా, బోసిగా సాగిపోతుంది. బ్రష్‌కు సరిగ్గా వెనక, ఆకులు మొదలయ్యే చోట కోస్తే అక్కడి నుంచి రెండు మూడు చిగుళ్లు వస్తాయి. వచ్చే ఏడు పూసేది వాటి కొసలే. కంచె కత్తెర వద్దు, చేతి కత్తెరతో ఒక్కో కొమ్మా చూసి కోయాలి. ఓపిక పట్టాల్సిన పనే, కానీ ఫలితం కళ్లముందే కనిపిస్తుంది.

తర్వాత ఫాస్ఫరస్ తక్కువగా ఉండే, నెమ్మదిగా కరిగే ఎరువు ఒకసారి వేసి నిండా నీళ్లు పెట్టండి.

ఆ లేత చిగుళ్లకు సాఫ్లై (కందిరీగల చుట్టమైన ఈగలాంటి పురుగు) పిల్లపురుగులు గుంపుగా పడతాయి. చేత్తో ఏరేయడమే మేలు. గొంగళిపురుగుల్లా ఉన్నా ఆ జాతి కాదు కాబట్టి గొంగళిపురుగులకు వాడే బీటీ అనే బ్యాక్టీరియా మందు వీటి మీద పనిచేయదు.

ఎర్రమట్టి:
పసుపు ఆకుల గురించి: ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకులే పాలిపోతే ఇనుము అందట్లేదన్నమాట. సిమెంటులోని సున్నం మట్టిని క్షారంగా మారుస్తుంది, ఇనుము మట్టిలో ఉన్నా వేళ్లు తీసుకోలేవు. ముందు మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) కొలవండి. 7 దాటితే చీలేటెడ్ ఐరన్ (వేళ్లు తీసుకోగలిగే రూపంలోని ఇనుము) డబ్బా మీద చెప్పిన మోతాదులో పోయండి. గోడ పక్కన సున్నం, బూడిద వేయకండి.

మొక్క అదేనండీ. వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ 1814లో కాలిస్టెమాన్‌ను వేరే ప్రజాతిగా విడదీశాడు. మరో వృక్షశాస్త్రవేత్త లిన్ క్రేవెన్ 2006లో ఈ జాతుల్లో చాలావాటిని మెలలూకాలో కలిపాడు. అందరూ ఒప్పుకోలేదు, అందుకే రెండు పేర్లూ నడుస్తున్నాయి.

పెరటిమొక్క:
ఆ కాయల్లోని గింజలతో ఇదే రకం వస్తుందా?

కణుపు:
మొలుస్తాయి, కానీ తల్లిలా పొట్టిగా ఉంటాయన్న నమ్మకం లేదు. ఇదే రకం కావాలంటే సగం ముదిరిన కొమ్మను 8–10 సెంటీమీటర్లు కోసి, కింది ఆకులు తీసేసి, వేళ్ల హార్మోన్ అద్ది, మూడొంతులు పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు), ఒక వంతు కొబ్బరిపొట్టులో గుచ్చండి. గాలిలో తేమ ఉండాలి, అడుగున నీరు నిలవకూడదు. నిలిస్తే మొదలు నల్లబడి కుళ్లిపోతుంది.