ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ గేమ్ ఆడితే నిజం జాబ్‌కి ఏమైనా పనికొస్తదా?

ఉప్పల్_అక్క

అందరికీ నమస్తే. మా తమ్ముడు డిగ్రీ అయిపోయి ఇంట్లనే ఉన్నడు, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌ల బ్యాగులు చెక్ చేసే స్క్రీనర్ జాబ్‌కి ట్రై చేస్తుండు. రెండు నెలల సంది ఫోన్‌ల ఒక గేమ్ పట్టుకున్నడు. ప్యాసింజర్లు లైన్‌ల వస్తుంటరు, పాస్‌పోర్ట్ ఫొటో, మొఖం కలుస్తున్నయా చూడాలె, బ్యాగ్ బెల్ట్ మీద పోతుంటే ఎక్స్‌రే కనపడ్తది, అండ్ల కత్తో తుపాకో ఉంటే వేలితో నొక్కాలె, ఏం లేకుంటే ముద్ర కొట్టి పంపాలె. నేను కూడా నాగోల్ నుంచి అమీర్‌పేట పోయేదాంక మెట్రోల ఆడిన, టైం ఎట్ల పోతదో తెల్వదు, మంచిగనే ఉంది, కాకపోతే రెండు లెవెల్స్‌కి ఒకసారి యాడ్ వస్తది.

వాడేమో ఇది ప్రాక్టీస్ అక్కా అంటడు, నాన్నేమో టైం పాస్ అంటడు, రోజూ ఇంట్ల ఇదే లొల్లి. నాకు తెల్వాల్సింది ఏందంటే గేమ్‌ల కనపడే ఆరెంజ్, గ్రీన్, బ్లూ రంగులు నిజం మెషీన్‌ల కూడా అట్లనే ఉంటయా? ఇది ఆడితే కన్ను అలవాటు పడ్తదా లేదా? ఈ లైన్‌ల పనిచేసినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పుండ్రి ప్లీజ్.

బెల్ట్_పక్కన

అక్కా, నేను ఆరేళ్ళు చెక్-ఇన్ బ్యాగుల స్క్రీనింగ్‌లో చేశాను, ఇప్పుడు వేరే జాబ్. హ్యాండ్ బ్యాగులు మన దగ్గర సీఐఎస్‌ఎఫ్ వాళ్ళు చూస్తారు, మాది లోపలికి వెళ్ళే పెద్ద సూట్‌కేసులు.

రంగులు నిజమే. మెషీన్ రెండు రకాల ఎనర్జీతో చూసి లోపలున్న పదార్థాన్ని బట్టి రంగు వేస్తుంది. తిండి, బట్టలు, పుస్తకాలు, చెక్క, సబ్బు, నీళ్ళు ఇవన్నీ ఆరెంజ్. ఇనుము, స్టీలు, రాగి నీలం. మధ్యలో ఉండే అల్యూమినియం, ఉప్పు లాంటివి గ్రీన్. కిరణం దాటలేనంత దట్టంగా ఉంటే నలుపు. అసలు కష్టం ఏంటంటే పేలుడు పదార్థాలు కూడా ఎక్కువగా ఆరెంజ్‌లోనే వస్తాయి, అంటే అమ్మ కట్టిచ్చిన కిలో సున్నుండలు, ఆవకాయ ప్యాకెట్లు కూడా అదే రంగు ముద్ద. అమెరికా వెళ్ళే పిల్లల సూట్‌కేసు తెరపైకి వచ్చిందంటే సగం తెర ఆరెంజే, దాని మధ్యలో కుక్కర్ ముదురు నీలంగా, మూత గుండ్రం వేరే, హ్యాండిల్ వేరే, లోపల గిన్నెలో గిన్నె పెట్టి గీతల మీద గీతలు. అందులో ఏది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కంటితోనే విడదీసుకోవాలి.

గేమ్‌లో కత్తి ఎప్పుడూ పడుకోబెట్టినట్టు పూర్తిగా కనిపిస్తుంది, పిడితో సహా. నిజంగా అది అంచు మీద నిలబడి ఉంటే తెర మీద సన్నటి గీత అంతే, గొడుగు ఊచ పక్కన ఉంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. నేను నేర్చుకునేటప్పుడు మా సార్ ఒకే కత్తిని ఒకే బ్యాగులో పది రకాలుగా తిప్పి పెట్టి చూపించారు, ఆ రోజు నేర్చుకున్నది ఇంకెప్పుడూ మర్చిపోలేదు.

ఇంకో తేడా, గేమ్‌లో అన్నీ తుపాకులు, బాంబులు. మాకు రోజూ దొరికేవి పవర్ బ్యాంకులు, లైటర్లు, ఎండు కొబ్బరి. పవర్ బ్యాంక్ చెక్-ఇన్‌లో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి, ఎందుకంటే లిథియం బ్యాటరీ అంటుకుంటే క్యాబిన్‌లో అయితే మనుషులు చూసి ఆర్పగలరు, కింద సరుకు గదిలో చూసేవాళ్ళే ఉండరు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడెక్కి మండే గుణం ఉంది కాబట్టి అదీ చెక్-ఇన్‌లో వద్దు. ఈ సంగతి చెప్తే పెద్దవాళ్ళు చాలా బాధపడేవాళ్ళు, దేవుడి దగ్గర పెట్టి తెచ్చింది బాబూ అని.

నల్లకుంట_రీడర్

అన్నగారు పని సంగతి చెప్పారు కాబట్టి నేను చదివింది చెప్తా. ఉప్పల్ అక్క గారూ, మీ తమ్ముడు అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది, గేమ్‌లో ఎన్ని బ్యాగులకి ఒక కత్తి వస్తుంది? రెండుమూడు బ్యాగులకోసారి వస్తుంది కదా, లేకపోతే ఎవరూ ఆడరు. నిజంలో రోజంతా చూసినా రాకపోవచ్చు, అదే ఈ పనిలో ఉన్న కష్టం.

2005లో జెరెమీ వుల్ఫ్ అనే సైకాలజిస్ట్, ఆయన టీమ్ కలిసి నేచర్ పత్రికలో ఒక ప్రయోగం రాశారు. వెతకాల్సిన వస్తువు సగం బొమ్మల్లో ఉన్నప్పుడు జనం 7 శాతం మిస్ అయ్యారు, అదే నూటికి ఒక్క బొమ్మలో ఉన్నప్పుడు 30 శాతం మిస్ అయ్యారు. కళ్ళు అవే, వస్తువు అదే, దొరకదులే అని మనసుకి అలవాటైపోతే చూపు తొందరగా వదిలేస్తుంది.

ఇంకా మీ టాపిక్‌కి దగ్గరిది ఒకటుంది. ఎయిర్‌పోర్ట్ స్కానర్ అని సరిగ్గా ఇలాంటి ఫోన్ గేమే ఒకటి వచ్చింది, జనం ఆడిన లక్షలాది బ్యాగుల డేటా తీసుకుని మిట్రోఫ్, బిగ్స్ అనే ఇద్దరు రీసెర్చర్లు 2014లో పేపర్ రాశారు. తరచుగా వచ్చే వస్తువులు ఆటగాళ్ళు బాగా పట్టారు, చాలా చాలా అరుదుగా వచ్చేవి మాత్రం ఘోరంగా మిస్ అయ్యారు. కాబట్టి గేమ్ టైం పాస్ అని నాన్నగారు అంటే అది కూడా పూర్తిగా కరెక్ట్ కాదండి, సైన్స్‌కే పనికొచ్చింది.

బెల్ట్_పక్కన

నల్లకుంట గారు చెప్పింది నూటికి నూరు శాతం నిజం. దానికే మెషీన్‌లో టిప్ అని ఒకటి ఉంటుంది, సాఫ్ట్‌వేరే అప్పుడప్పుడు మామూలు బ్యాగు బొమ్మ మీద తుపాకీ బొమ్మో కత్తి బొమ్మో అతికించి పంపిస్తుంది, మనం బటన్ నొక్కితే ఇది టెస్ట్, పట్టుకున్నారు అని మెసేజ్ వస్తుంది. నొక్కకపోతే రికార్డ్‌లో పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి గల్ఫ్ ఫ్లైట్ల బ్యాగులు వరసగా వస్తున్నప్పుడు ఆ టిప్ ఒకటి పడితే ఒళ్ళు జల్లుమని మళ్ళీ నిటారుగా కూర్చునేవాణ్ణి. ఒకసారి మిస్ అయ్యాను కూడా, అది ఉత్త బొమ్మే అని తెలిసినా ఆ రోజు అన్నం సహించలేదు. యూరప్ రూల్స్‌లో అయితే హ్యాండ్ బ్యాగుల తెర ముందు మామూలుగా ఏకబిగిన 20 నిమిషాలకి మించి కూర్చోబెట్టొద్దని రాసే ఉంది.

మల్లాపూర్_98

రెండు ముచ్చట్లు చెప్త అక్కా. ఒకటి, తమ్మునికి ముందుగాల కలర్ విజన్ టెస్ట్ చేపియ్యుండ్రి, ఆరెంజ్, గ్రీన్ తేడా కన్ను పట్టకపోతే ఈ పని కుదరదు, మా దోస్తు ఇక్కడనే ఆగిండు, ముందే తెలిస్తే ఆర్నెల్లు పోకపోతుండె. రెండోది, జాబ్ గ్యారంటీ అని పైసలడిగే కన్సల్టెన్సీల మాట నమ్మకుండ్రి, నా దగ్గర 40 వేలు తీస్కొని ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండ్రు. స్క్రీనర్ సర్టిఫికేషన్ బీసీఏఎస్ కింద, అంటే విమానాల భద్రత చూసే కేంద్ర సర్కారు సంస్థ కింద నడుస్తది, ట్రైనింగ్ చేసి టెస్ట్ పాసైతేనే కుర్చీల కూసోనిస్తరు, అడ్డదారి లేదు.

ఉప్పల్_అక్క

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినంక ఇంట్ల ఒక పని చేసినం. గేమ్ స్క్రీన్‌షాట్లు తీసి, నెట్‌ల దొరికిన ఎక్స్‌రే బొమ్మలు కలిపి మొత్తం 150 చేసిన, అండ్ల కత్తి ఉన్నయి రెండే, ఒకటేమో అన్న చెప్పినట్టు అంచు మీద నిలబడ్డది. ఎన్ని ఉన్నయో వానికి చెప్పలే. లాప్‌టాప్‌ల ఒక్కోటి నాలుగు సెకన్లు పెట్టి నాన్న పక్కన కూసొని లెక్క రాసిండు. 60 దాటేదాంక తమ్ముడు మంచిగ చూసిండు, ఆ తర్వాత ఆవలింతలు మొదలైనయి. మొదటి కత్తి పట్టిండు, 118ల ఉన్న నిలబడ్డ కత్తి వదిలేసిండు, పైగా ఏం లేని బ్యాగుల మూడిట్ల ఉంది అన్నడు.

వాడు చానా సేపు ఏం మాట్లాడలే, తర్వాత 118 మళ్ళ పెట్టుమన్నడు, పెద్దగ చేసి చూసిండు. నాన్న కూడా కండ్లద్దాలు పెట్టుకొని వంగి చూసి ఇది ఎట్ల కనపడ్తదిరా, సైకిల్ పుల్ల లెక్క ఉంది అన్నడు. ఇప్పుడు ఇద్దరు కలిసి కొత్త బొమ్మలు ఎతుకుతున్నరు, 300 చేస్తరట. కలర్ విజన్ టెస్ట్‌కి సోమవారం తీస్కపోత. బెల్ట్_పక్కన అన్నా, కుక్కర్ ఉన్న సూట్‌కేసు బొమ్మలు ఎక్కడన్నా దొరుకుతయా, తమ్ముడు అడుగుతుండు.