గద్వాల చీరల ఆన్‌లైన్ పని: ఫ్రీలాన్సర్లకా, ఏజెన్సీకా?

కుప్పడం అంచు (గద్వాల)
అందరికీ నమస్కారం. మాది గద్వాలలో చీరల దుకాణం, నాన్న పెట్టింది. మూడేళ్ల కింద ఇన్‌స్టా పేజీ తెరిచాం. ఇప్పుడు బెంగళూరు, చెన్నై ఆర్డర్లే దుకాణం అమ్మకాలతో పోటీ పడుతున్నాయి. ఫొటోలు ఒక తమ్ముడు తీస్తాడు, చీరకు 60 రూపాయలు. పేజీ చూసేది ఇంకో అబ్బాయి, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా మెసేజులకు జవాబులిస్తాడు, నెలకు 8 వేలు. జీఎస్టీ లెక్కలకు ఒకాయన, 3 వేలు. ముగ్గురూ పనిమంతులే. కానీ పోయిన శ్రావణంలో పేజీ అబ్బాయి చెల్లెలి పెళ్లని తొమ్మిది రోజులు ఫోన్ ఎత్తలేదు. అదీ వరలక్ష్మీ వ్రతం ముందు వారం! నూట నలభై మెసేజులు చదవకుండా పడి ఉన్నాయి. దుకాణం కట్టేసి వచ్చి రాత్రి ఒంటిగంట దాకా నేనే జవాబులు కొట్టుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు హైదరాబాద్ ఏజెన్సీ ఒకటి అన్నీ మేమే చూసుకుంటామంటోంది. నెలకు 35 వేలు, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 41,300. ఏడాది ఒప్పందం. నాన్న వద్దంటున్నారు, మా ఆవిడ ఇచ్చేయమంటోంది. చేయించి చూసినవాళ్లు చెప్పండి.

మిల్లు అన్న (మిర్యాలగూడ)
ఆలోచించకు తమ్మీ, ఇచ్చెయ్. మాది బియ్యం మిల్లు. లెక్కలు రాసే పిల్లగాడికి సిటీలో ఉద్యోగం వచ్చింది. ఆ మాట చెప్పడానికి మొహమాటపడి "రాత్రిపూట చేసేస్తా అంకుల్" అన్నాడు. చేయలేదు. వరసగా రెండు నెలలు, నెలనెలా వేయాల్సిన జీఎస్టీ 3బీ రిటర్నులు పడలేదు. మాకు ఎప్పుడు తెలిసింది? 25 కిలోల సంచులు లారీకెక్కించి, తాడు బిగించి, డ్రైవర్ చాయ్ తాగొచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాక. సరుకు రోడ్డెక్కాలంటే జీఎస్టీ పోర్టల్ నుంచి తీయాల్సిన ఈ-వే బిల్లు రావడం లేదు! రెండు రిటర్నులు వరసగా ఆగితే పోర్టల్ బిల్లు ఇవ్వదట. లారీ రెండు రోజులు మిల్లులోనే నిలబడింది. వెయిటింగ్ మాదే, రిటర్నుకు రోజుకు 50 రూపాయల లేటు ఫీజూ మాదే.

ఇప్పుడు ఒక ఆఫీసుకు ఇచ్చాం. నలుగురుంటారు. ఒకడు రాకపోతే రెండోవాడు ఎత్తుతాడు. నేను ఎక్కువ కడుతున్నది ఆ రెండోవాడి కోసమే.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)
అన్నా, మీరు చెప్పింది ఆడిటర్ ఆఫీసు సంగతి. అక్కడ తేదీలున్నాయి, ఫారాలున్నాయి, ఎవరు చేసినా ఒకటే. చీర గురించి రాయడం, కస్టమర్‌తో మాట్లాడటం అలాంటివి కావు.

నేను నాలుగేళ్లుగా ఫ్రీలాన్సర్‌ని. ఇంట్లో కూర్చునే హైదరాబాద్ ఏజెన్సీలకు పని చేసి పెడతాను. ఒక నగల షాపు పోస్టులకు నాకు నెలకు 6 వేలు ఇచ్చేవారు. ఒకసారి పొరపాటున షాపుకు వేసిన బిల్లు నాకు ఫార్వర్డ్ అయింది. 20 వేలు! ఆ షాపు మహబూబ్‌నగర్‌లోనే, మా ఇంటికి పది నిమిషాల నడక. వాళ్లు డబ్బు హైదరాబాద్ పంపుతారు, అందులో కొంత నాకు తిరిగొస్తుంది. కాబట్టి గద్వాల అన్నా, ఏ ఫ్రీలాన్సర్‌తో వేగలేక ఏజెన్సీకి పోతున్నారో, అక్కడా మీ పని అలాంటి మనిషి చేతికే రావచ్చు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. చెప్పకుండా తొమ్మిది రోజులు పోవడం ఆ అబ్బాయి తప్పే. కానీ 8 వేలకు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా మెసేజులు చూస్తున్నాడంటే, సెలవు అనే మాట మీ మధ్య ఎప్పుడైనా వచ్చిందా? చెబితే పని పోతుందని భయపడి చెప్పకుండా పోయి ఉంటాడు. మాకు తెలిసిన భయమే అది.

మిల్లు అన్న (మిర్యాలగూడ)
మధ్యలో మేనేజర్ తింటాడు, ఒప్పుకుంటా చెల్లీ. కానీ నీకు జ్వరమొస్తే ఇంకొకరిని వెతికేది ఆ మేనేజరే. ఆ 14 వేలు దానికే.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)
నాకు డెంగీ వచ్చినప్పుడు ఆ మేనేజర్ రోజుకు మూడుసార్లు ఫోన్ చేశాడన్నా. ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడగడానికి కాదు.

చిటికి రంగులు (పోచంపల్లి)
నేను ఏజెన్సీతో ఎనిమిది నెలలు చేయించాను. అందుకే రాస్తున్నా. ఫోన్ వెంటనే ఎత్తేవారు, నెలనెలా రిపోర్టు, గ్రాఫులు, అన్నీ పద్ధతే. దెబ్బ ఫొటోల దగ్గర పడింది.

ఇక్కత్‌లో నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. పోగు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి డిజైన్ అంచు కొంచెం చెదిరినట్టు ఉంటుంది. కొనేవాళ్లు వెతికేదే ఆ చెదురు. ఏజెన్సీలో ఫొటోలు దిద్దే మనిషి అది కెమెరా బ్లర్ అనుకుని, ప్రతి ఫొటోలోనూ అంచులు గీత గీసినట్టు పదును చేసేశాడు. చూస్తే అచ్చం ప్రింటు చీరలు! పాత కస్టమరమ్మ ఒకావిడ ఫోన్ చేసి, "మీరు కూడా ప్రింట్లు మొదలుపెట్టారా?" అని అడిగింది. మగ్గం మీద కూర్చునేవాళ్లకు ఆ మాట చెప్పలేకపోయాను.

మీకూ అదే జరుగుతుంది. కాటన్ ఒంటికి పట్టు అంచు కలిసే చోటు, ఆ కుప్పడం కలయిక, దగ్గర నుంచి చూపిస్తేనే గద్వాల చీర. తెలియనివాడికి అది అతుకులా కనిపిస్తుంది. చెరిపేస్తాడు. మీ ఫొటో తమ్ముణ్ణి మాత్రం వదులుకోవద్దు, కావాలంటే 60 కాదు 80 ఇవ్వండి.

క్లాక్ టవర్ లెక్కలు (నల్గొండ)
ట్యాక్స్ ప్రాక్టీస్ నాది. అందరూ వదిలేసిన లెక్క చెబుతాను. వేరే రాష్ట్రాలకు పంపుతున్నారంటే మీరు కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకు తక్కువ రేటు, క్రెడిట్ లేని జీఎస్టీ పథకం) ఉండలేరు, రెగ్యులరే. కాబట్టి ఏజెన్సీకి కట్టే జీఎస్టీ 6,300 ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా వస్తుంది, 41,300 మొత్తం ఖర్చు కాదు. అయితే చీర మీద మీరు వసూలు చేసేది 5 శాతమే. నూలు, కొనుగోళ్ల క్రెడిట్ పోగా, నెలకు 1,26,000 అమ్మకం మీది పన్ను మిగిలితేనే ఆ 6,300 ఆ నెలలో సర్దుబాటవుతుంది. లేకపోతే లెడ్జర్‌లో పేరుకుంటూ ఉంటుంది. సేవల మీది క్రెడిట్‌ను, రేటు తేడా ఉందని రీఫండ్ అడగడానికి లేదు. ఏడాది వసూళ్లు 20 లక్షల లోపుండే ఫ్రీలాన్సర్‌కు సాధారణంగా రిజిస్ట్రేషనే అవసరం లేదు, కాబట్టి బిల్లులో జీఎస్టీ ఉండదు.

ఇంకొకటి. పైన పిల్లలమర్రి చెల్లెమ్మకు పనికొస్తుంది: ఉద్యమ్‌లో (చిన్న వ్యాపారాల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్) నమోదు చేసుకోండి. ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు మీకు డబ్బు ఇవ్వకపోతే, కట్టే వరకు ఆ ఖర్చును కొన్నవాడు ఆదాయపు పన్నులో చూపించుకోలేడు. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. ఈ ఒక్క లైను బిల్లు కింద రాస్తే వసూళ్లు వేగం పుంజుకోవడం నేను కళ్లారా చూశాను.

కాగితం సంగతి కూడా. డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటో హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం ప్రకారం మీదే. లోగో, వెబ్‌సైట్ కోడ్ అలా కాదు. ఫ్రీలాన్సర్ చేసినా ఏజెన్సీ చేసినా, సంతకంతో రాసి ఇచ్చేదాకా చేసినవాళ్లవే. రాయించుకునేటప్పుడు కాలం వేయకపోతే ఐదేళ్లకే అనుకోవాలి. అన్నిటికన్నా ముందు, పేజీ ఎవరి నంబర్ మీద ఉందో చూసుకోండి. డొమైన్ ఎవరి పేరునో చూసుకోండి. నా క్లయింట్ ఒకాయన ఏజెన్సీ మారదామని పోతే, వెబ్‌సైట్ పేరే పాత ఏజెన్సీ పేరు మీద ఉంది. సొంత దుకాణం పేరు సొంతంగా కొనుక్కున్నాడు పాపం.

కుప్పడం అంచు (గద్వాల)
అందరికీ థాంక్స్. పిల్లలమర్రి అక్క అడిగింది నిజమే, సెలవు మాట ఎప్పుడూ రాలేదు. నిన్న ఆ అబ్బాయితో కూర్చుని మాట్లాడాను. వాళ్ల ఫ్రెండ్ ఒకడు అయిజలో ఉన్నాడట. ఇద్దరికీ కలిపి 14 వేలు, ఒకడు లేనప్పుడు రెండోవాడు చూడాలి. మిల్లు అన్న చెప్పిన రెండోవాడు అన్నమాట. జీఎస్టీ లెక్కలను ఒక ఆడిటర్ ఆఫీసుకు మార్చేస్తున్నా, ఆ లారీ కథ చదివాక నిద్ర పట్టలేదు. ఫొటో తమ్ముడికి 80 చేశాను. ఏజెన్సీ వాళ్లను దసరా నుంచి మూడు నెలలు ప్రకటనల వరకే చేయమని అడిగాను. ఏడాదికి తక్కువైతే కుదరదన్నారు. సరే, అయితే వద్దులెండి అన్నాను. నాన్న గెలిచానంటున్నారు, మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

క్లాక్ టవర్ సారు చెప్పారని పొద్దున పేజీ నా నంబర్‌కు మార్చుకుందామని కూర్చున్నా. ఓటీపీ ఆ అబ్బాయి ఫోన్‌కు పోతోంది. ఫోన్ స్విచ్ఛాఫ్. ఈసారి పెళ్లి ఎవరిదో కనుక్కుంటున్నా.