నాలుగో గ్రీన్ మీద నీళ్లు ఇంకట్లేదు, ఈ చలికాలం ముసురుకి ఏటి చెయ్యాలి?

కోరాపుట్_గ్రౌండు:
అందరికీ నమస్కారం. సొంతూరు పర్లాకిమిడి, ఇప్పుడు కోరాపుట్ జిల్లాలో ఒక కంపెనీ కాలనీలో గ్రౌండు చూస్తన్నాను. తొమ్మిది హోల్స్ గోల్ఫ్ కోర్సు, ఒక్కో హోలు చుట్టూ బాగా పొట్టిగా కోసే గడ్డినే గ్రీన్ అంటారు, ఆరుగురు మాలీలు, రెండు మూవర్లు, అందులో ఒకటి ఎప్పుడూ షెడ్డులోనే. నేను గోల్ఫ్ ఆడను, గడ్డి పెంచడమే నా పని.

మామూలుగా ఇక్కడ డిసెంబరంటే చలీ పొగమంచూ తప్ప వాన ఉండదు కదా, ఈసారి ఒక అల్పపీడనం పోయిందనుకునేలోపు ఇంకోటి, తొమ్మిది రోజులు ఎండ ముఖం చూడలేదు. ఎనిమిది గ్రీన్లు ఎలాగో ఓర్చుకున్నాయి గానీ నాలుగోది పాడైపోతన్నాది. తూర్పు పక్క సిల్వర్ ఓక్ చెట్లు వరసగా ఉన్నాయి, ఆ మూల నీళ్లు నిలబడి గడ్డి పసుపు తిరిగింది, అడుగేస్తే చెప్పు ముద్ర సాయంత్రం దాకా అలాగే ఉంటాది. యూరియా జల్లేను, రెండ్రోజులు పచ్చబడింది, తర్వాత ఇంకా నాశనం. ఆదివారం పోటీ ఉందట, తెరవాల్సిందే అంటన్నారు పైవాళ్లు. రోలరు వేసి నొక్కేస్తే నీళ్లు దిగిపోతాయి కదయ్యా అని ఒక సారు సలహా. నిజమేనా?

వైజాగ్_టర్ఫ్:
తమ్ముడూ ముందు ఆ రోలరు తాళం ఎక్కడన్నా దాచెయ్. తడి నేల మీద రోలరు తిప్పితే మట్టిలో గాలి ఉండే సందులన్నీ మూసుకుపోతాయి, నీళ్లు దిగవు సరికదా ఉన్న దారి కూడా పోద్ది. యూరియా కూడా ఆపెయ్. మీ గ్రీన్ మీద ఉండేది బెర్ముడా అయ్యుంటది, అంటే మన గరికే, వినాయక చవితికి తెచ్చుకునే గరిక జాతిదే, కాకపోతే పొట్టిగా పెరిగే హైబ్రిడ్. వేడి దేశం గడ్డి అది. మీరు 900 మీటర్ల ఎత్తున ఉన్నారు, రాత్రి పదో పదకొండో డిగ్రీలకి దిగితే అది నిద్రపోద్ది. నిద్రపోయేదానికి అన్నం పెడితే ఏం తింటది, నీళ్లు నిలిచిన మట్టిలో కొంత నత్రజని గాలిలో కలిసిపోద్ది, మిగతాది ఆకుని మెత్తగా చేసి బూజు తెగుళ్లని పిలుస్తది.

కోత ఎత్తు ఎంత పెట్టేవు? మూడు మిల్లీమీటర్లే అయితే ఐదుకి లేపు. బంతి మెల్లిగా పోతంది అని తిడతారు, తిట్టనీ. ఇంకో పని, హోలు తవ్వే కప్ కట్టరుతో నాలుగో గ్రీన్ మీద ఒక ముద్ద తీసి, కోసి చూసి, వాసన చూసి చెప్పు. అది చూడకుండా ఎవరు ఏం చెప్పినా ఊహే.

బరంపురం_బాబాయ్:
నేను ఇంగ్లండులో ఆరేళ్లు గ్రీన్‌కీపరుగా చేసి వచ్చేను. అక్కడ చలికాలమంతా ఇదే బతుకు, నవంబరు నుంచి మార్చి దాకా బురద. వాళ్లేటి చేస్తారంటే గ్రీన్ బాగోకపోతే మొహమాటం లేకుండా మూసేస్తారు, గ్రీన్ దాకా పోయే గడ్డి దారి, అదే ఫెయిర్‌వే, దాని చివర చదునైన చోట గడ్డి కాస్త దగ్గరగా కోసి, ఒక హోలు తవ్వి, జెండా పాతి టెంపరరీ గ్రీన్ అంటారు, ఆడేవాళ్లు గొణుక్కుంటూనే ఆడతారు. గోల్ఫ్‌కి పుట్టిల్లని పేరున్న స్కాట్లండు సెయింట్ ఆండ్రూస్‌లో కూడా, అది సముద్రం పక్క ఇసక నేల, నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి, అయినా చలికాలం ఫెయిర్‌వే మీద చిన్న చాప ముక్క వేసుకుని దాని మీంచి బంతి కొడతారు, గడ్డి లేచిపోకుండా. మీ పైవాళ్లకి ఆ మాట చెప్పు బావూ, మన మాట కన్నా ఆ ఊరి పేరు ఎక్కువ పనిచేస్తాది.

పొద్దున్నే మంచు దులుపుతన్నారా? పొడుగు వెదురు కర్ర తీసుకుని గ్రీన్ మీద అటూ ఇటూ ఊపితే చాలు, ఆకు తొందరగా ఆరుతాది, తెగులు తగ్గుతాది. మాకక్కడ తెల్లారి మొదటి పని అదే, వేళ్లు కొంకర్లు పోయేవి.

జైపూర్_గోల్ఫర్:
ఇంత ఆలోచన ఎందుకు, హాలో టైన్ మిషను (బోలు మేకులతో మట్టిని పీకేది) తెచ్చి కన్నాలు కొట్టించి ఇసుక పోస్తే సరి. మా కజిన్ వాళ్ల క్లబ్బులో అలాగే చేశారు.

వైజాగ్_టర్ఫ్:
ఎప్పుడు చేశారో కూడా అడగండి సార్. మే, జూన్‌లో అయ్యుంటది. అప్పుడు గరిక పరిగెడతా ఉంటది, కన్నం పది, పదిహేను రోజుల్లో పూడిపోద్ది. ఇప్పుడు కొడితే ఫిబ్రవరి దాకా అలాగే నోరు తెరుచుకునుంటాయి. ఇప్పుడు కావాలంటే గార్డెన్ ఫోర్కు గుచ్చి కొంచెం కదిపి తియ్యడం, అంతే, మట్టి పీక్కూడదు. అది కూడా నేల కాస్త ఆరేక.

పర్లాకిమిడి_రైతు:
నాకు గోల్ఫ్ తెలీదు, మనూరోడు అని చదివేను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అంత దూరంలో దాటినా మాకిక్కడ కోసిన వరి పనల మీదే మొలకెత్తింది. నా ఒక్క మడి బాగుంది, ఎందుకంటే ముందే గట్టు పక్కన బోదె తీసి పెట్టేను. నీ గ్రీన్ అవతల పల్లం ఎటుందో చూడు. చెట్ల వేర్లు పాత పైపులోకి దూరేయేమో కూడా చూడు, మా బోరు పైపు అలాగే పూడింది.

కోరాపుట్_గ్రౌండు:
ముద్ద తీసేను అన్నయ్యా. పైన ఒక అంగుళంన్నర బాగానే ఉంది, దాని కింద వేలెడు మందాన నల్లటి పొర, కుళ్లిన గుడ్డు వాసన, మాలీ ముక్కు మూసుకున్నాడు. దాని కింద మళ్లీ ఇసుకే, పొడిపొడిగా. వేర్లు ఆ నల్ల పొర దగ్గరే ఆగిపోయేయి. పాత మాలీని అడిగితే చెప్పేడు, 2018 తిత్లీ తుఫాను తర్వాత ఇసుక దొరక్క చెరువు మట్టి జల్లించి పోసేరంట.

వైజాగ్_టర్ఫ్:
అదే బ్లాక్ లేయరు. మెత్తటి మట్టి పొర నీళ్లని పట్టి కూర్చుంది, గాలి ఆడక గంధకం తినే బ్యాక్టీరియా చేరి ఆ వాసన, ఆ నలుపు. కాబట్టి ఇప్పుడు జిప్సం, అమ్మోనియం సల్ఫేట్ లాంటి గంధకం ఉన్నవేవీ వెయ్యకు. ఫోర్కుతో ఆ పొర దాటేదాకా నాలుగంగుళాలు గుచ్చు, తూర్పు పక్క కొమ్మలు నరికించు, పొద్దుటి ఎండ రెండు గంటలు ఎక్కువ పడినా తేడా తెలుస్తది. అసలు వైద్యం మేలో, హాలో టైను కొట్టి ఆ కన్నాలనిండా ఇసుక.

ఇసుక విషయం జాగ్రత్త. ప్లాస్టరింగు సన్న ఇసుక వద్దు. కనీసం 60 శాతం రేణువులు పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి. సీసాలో సగం ఇసుక పోసి నీళ్లు కలిపి కుదిపి వదిలెయ్, అరగంటకి కూడా నీళ్లు టీ రంగులో ఉంటే ఆ లోడు వెనక్కి పంపెయ్.

కోరాపుట్_గ్రౌండు:
ఆదివారం టెంపరరీ గ్రీన్ మీదే ఆడించేను. రోలరు సారు పుట్ (బంతిని హోలులోకి దొర్లించే దెబ్బ) మూడుసార్లు తప్పి నా వేపు ఒక చూపు చూసేరు, సెయింట్ ఆండ్రూస్ అన్నాను, ఊరుకున్నారు. చెట్లకి మాత్రం పర్మిషను రాలేదు, అవి పాత పెద్ద సారు నాటించినవట, కొమ్మ కూడా ముట్టుకోకూడదంట. కింద కొమ్మలు అయిదారు, ఎండినవని రాసి ఫైలు పెట్టేను.

నాగావళి ఇసుక రాయగడ వేపు నుంచి తెప్పిస్తే జల్లెడకి ఎంత పోద్దో ఎవరికైనా తెలుసా?