"కెంపువలె ఎఱ్ఱనివైనను": ఆ ఎరుపు రాయిదా, పురుగుదా?

ప్రశ్న: యెషయా 1:18లో "కెంపువలె ఎఱ్ఱనివైనను అవి గొఱ్ఱెబొచ్చువలె తెల్లని వగును" అని ఉంది కదా. మూలంలో కెంపు లేదు, పురుగు ఉంది అని మా అన్నయ్య ఫోన్‌లో ఒక సందేశం పంపాడు. ఆ పురుగు సింధూర వృక్షానికి అతుక్కుని పిల్లల కోసం చనిపోతుందట, మూడు రోజులకి మంచులా తెల్లబడి రాలిపోతుందట. ఇందులో ఎంత నిజం?

జవాబు: సగం నిజమండీ. హీబ్రూలో అక్కడున్న మాట 'తోలా'. పురుగు అని అర్థం. కీర్తన 22:6లో "నేను నరుడను కాను నేను పురుగును" అన్నచోటా ఈ మాటే, 'తోలాత్' రూపంలో. నిర్గమకాండంలో "నీల ధూమ్ర రక్తవర్ణములు" అని చదువుతాం చూడండి, ఆ రక్తవర్ణం 'తోలాత్ షానీ'. అయితే రంగు పేరుగా స్థిరపడ్డాక ఎవరూ పురుగుని తలచుకోరు. గులాబీరంగు అన్నప్పుడు మనం పువ్వుని తలచుకుంటామా? అదీగాక తెలుగులో కెంపు అంటే రాయి ఒక్కటే కాదు, ఎరుపు కూడా. కళ్ళు కెంపెక్కాయంటాం. నన్నడిగితే అనువాదకుల ఎంపిక చక్కగా కుదిరింది.

ఇక పురుగు సంగతి. ఇది కెర్మెస్ అనే పొలుసు పురుగు. నల్లి, పేనుబంక ఉండే హెమిప్టెరా క్రమంలోదే, కుటుంబం కెర్మెసిడే. మధ్యధరా ప్రాంతపు ఓక్ చెట్ల మీద, అంటే మీ సందేశంలోని సింధూర వృక్షాల మీద బతుకుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి కాళ్ళుంటాయి. కొమ్మ మీద పాకి, నచ్చినచోట మూతి గుచ్చి రసం పీల్చడం మొదలెడుతుంది. ఆడదైతే చివరికి అక్కడే పాతుకుపోయి, బఠాణీ గింజంత గుండ్రంగా ఉబ్బుతుంది. రెక్కలు మగదానికే వస్తాయి. తల్లి వేల గుడ్లు పెట్టి చనిపోతే, గట్టిపడిన దాని ఒళ్ళే వాటికి గూడు. గుడ్లు పొదగకముందే గోటితో గిల్లి తీసి, ఎండబెట్టి, రంగు దించేవారు. కాబట్టి అతుక్కోవడం, చనిపోవడం నిజమే. మూడు రోజుల్లో మంచులా తెల్లబడటం మాత్రం పురుగుల శాస్త్రం చెప్పే మాట కాదు.

ఇంకొకరు: దీన్ని లక్కపురుగు అనేస్తే సరిపోదా?

జవాబు: వద్దండీ. లక్కపురుగు కెరియా లక్కా, కుటుంబం కెరిడే. రెండూ దాయాదులే కానీ ఒకే ఇల్లు కాదు. మీరు లక్క అన్నారు కాబట్టి ఒక మాట. అమరకోశంలో లక్క పేర్లు చూడండి: "లాక్షా రాక్షా జతు క్లీబే యావోఽలక్తో ద్రుమామయః". ద్రుమామయం, అంటే చెట్టుకొచ్చిన జబ్బు! నాకైతే ఈ పేరు మిగతా అన్నిటికన్నా ఇష్టం. ఓక్ మీది ఉండని చూసి గ్రీకులు 'కొక్కోస్' అన్నారు, గింజ అని. కెర్మెస్ పెరిగే పొద ఓక్ శాస్త్రీయనామం క్వెర్కస్ కాక్సిఫెరాలో ఉన్నదీ ఆ గింజే. గుండ్రటి సూక్ష్మజీవులకి కాకస్ అన్న పేరూ అక్కణ్ణించే. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కాకస్ ఇలిసిస్ అని పేరు పెట్టింది ఈ కెర్మెస్ పురుగుల్లో ఒకదానికే, ఇప్పుడది కెర్మెస్ ఇలిసిస్. మంచి రంగిచ్చేది మాత్రం కెర్మెస్ వెర్మిలియో. ఈ రెంటినీ చాలాకాలం కలిపేశారు.

మరొకరు: ముదురు ఎరుపుని ఇంగ్లీషులో క్రిమ్సన్ అంటారు కదా, ఆ మాట మన 'కృమిజ' (పురుగు నుంచి పుట్టినది) నుంచే వెళ్ళిందటగా?

జవాబు: తొందరపడకండి. అరబ్బీ 'కిర్మిజ్' నుంచి అన్నంతవరకు ఖాయం. పారసీలో 'కిర్మ్' అంటే పురుగు, అది మన కృమికి తోబుట్టువు. కిర్మిజ్ సంస్కృతం నుంచి అప్పుగా వెళ్ళిందనేవాళ్ళూ ఉన్నారు, ఇరాన్ భాషల్లోనే పుట్టిందనేవాళ్ళూ ఉన్నారు. లాటిన్ వాళ్ళు చిన్నపురుగుని 'వెర్మికులస్' అన్నారు. ఎరుపుకి ఇంగ్లీషులో ఉన్న మరో పేరు వెర్మిలియన్ దాన్నుంచే వచ్చి, చివరికి ఇంగిలీకం అనే ఎర్ర ఖనిజానికి అంటుకుంది. అందులో పురుగే లేదు! అలాగే ఓక్‌ని సింధూర వృక్షం అంటున్నాం కదా అని ఈ ఎరుపుకీ ఆ సింధూరానికీ ముడిపెట్టి వ్యుత్పత్తి అల్లేయకండి.

ప్రశ్న అడిగినవారు: అయితే మా అన్నయ్యకి ఏం చెప్పమంటారు?

జవాబు: 'తోలా' అంటే పురుగే, ఆ మాట ఉంచమనండి. మూడు రోజుల ముక్క తీసేసి పంపమనండి.