ఆచంట చెల్లెమ్మకి: డిజేబిలిటీ తేలేలోగా ఆ హాస్పిటల్ బిల్లుల సంగతి

ఆచంట, ప్రస్తుతం న్యూజెర్సీ:

అందరికీ నమస్కారమండి. మాది ఆచంట పక్క ఊరు. పెళ్ళయ్యి అమెరికా వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. మావారు ఇక్కడ సిటిజన్, 43 ఏళ్ళు, చాలాకాలంగా గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నారు. మార్చిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. ఏప్రిల్ నెలాఖరుకి ఉద్యోగం పోయింది, దాంతోపాటే ఇన్సూరెన్సూ పోయింది. సోషల్ సెక్యూరిటీ డిజేబిలిటీకి, అంటే పని చెయ్యలేనివాళ్ళకి ఇక్కడి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బుకి, అప్లై చేశాం, ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పడం లేదు. ఈలోగా పోస్టుడబ్బా తెరవాలంటేనే టెన్షన్. హాస్పిటల్, అంబులెన్స్, పేరు కూడా వినని డాక్టర్లు, అందరూ బిల్లులే పంపుతున్నారు. డిజేబిలిటీ డబ్బు వచ్చాక కట్టేస్తామంటే ఆగుతారా? ఊళ్ళో మా మామగారు పొలం బేరం పెడతానంటున్నారు. ఇంకో సంగతి, మన దగ్గర సదరం సర్టిఫికెట్‌లో పర్సంటేజీ వేస్తారు కదా, ఇక్కడ అది ఎవరు వేస్తారు? తెలిసినవాళ్ళు చెప్పి పుణ్యం కట్టుకోండి.

పాలకొల్లు నుంచి:

చెల్లెమ్మా, ముందు పొలం మాట. మీ మామగారు నిన్న మా ఇంటికి వచ్చారు. నేను అమెరికాలో హాస్పిటల్ బిల్లింగ్‌లో చాలా ఏళ్ళు పనిచేసి ఇప్పుడు అమ్మ దగ్గర ఉంటున్నానని ఎవరో చెప్పారట. బట్టల కొట్టు కవర్లో పట్టాదారు పాస్‌పుస్తకం, దాంతోపాటు మీ మరిది నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన కాగితాలు పట్టుకొచ్చారు. ఒక అంకె కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన రూపాయల్లోకి మార్చి రాసుకున్నారు. 1,86,000 డాలర్లు. రెండెకరాలు రొయ్యల చెరువుకి లీజుకిచ్చేసి, అడ్వాన్సు తీసుకుని పంపుదామని ఆయన ఆలోచన. చెరువు తవ్వాక ఆ నేల మళ్ళీ వరికి రావడం మాటలు కాదని మీకు నేను చెప్పక్కర్లేదు.

తీరా చూస్తే అది బిల్లే కాదు. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన లెక్కల కాగితం, ఈఓబీ అంటారు. ఇది బిల్లు కాదు అని పైనే ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. ఆ పెద్ద అంకె హాస్పిటల్ వేసిన రేటు మాత్రమే. కంపెనీతో ఉన్న ఒప్పందం ప్రకారం కొట్టేసింది పోగా, కంపెనీ కట్టింది పోగా, కింద మూలన మీ వాటా అని వేరే ఉంది: 6,400 డాలర్లు. ఆ రెండో అంకెని ఆయన నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. ఆ బిల్లుతో చట్టపరంగా ఆయనకి ఏ సంబంధమూ లేదని కూడా చెప్పి పంపాను. పాస్‌పుస్తకం మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయిందనే అనుకుంటున్నాను. మీరూ ఫోన్ చేసి అదే మాట చెప్పండి.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మన దగ్గర భీమవరంలో అయినా రాజమండ్రిలో అయినా ప్రైవేటు హాస్పిటల్లో కౌంటర్ దగ్గర కట్టందే డిశ్చార్జి కాగితం చేతికి రాదు. కట్టలేనివాళ్ళు ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, కార్డు పెడతారు. అమెరికాలో ముందు ఇంటికి పంపించి, తరవాత నెలల తరబడి కాగితాలు పంపుతారు. నా సీటు దగ్గరికి వచ్చినవాళ్ళలో, మొదట వచ్చిన అంకెని అలాగే కట్టేసేవాళ్ళు ఎక్కువమంది మనవాళ్ళే. అప్పుంటే నిద్ర పట్టదు మనకి. ఆ నిద్ర కోసం కట్టక్కర్లేనిది కూడా కట్టేస్తాం.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న. డిజేబిలిటీ డబ్బు వచ్చాక కడతామంటే హాస్పిటల్ వాళ్ళు ఆగరు, ఆగాల్సిన పనీ లేదు. అసలు ఆ రెంటినీ ముడిపెట్టకండి. మీవారిది మార్చిలో మొదలైంది కాబట్టి 5 పూర్తి నెలలు వదిలేసి సెప్టెంబరు నుంచి లెక్కేస్తారు. సెప్టెంబరు డబ్బు చేతికొచ్చేది అక్టోబరులో, అదీ ఈలోపు అప్రూవ్ అయితే. మొదటి నిర్ణయానికే మామూలుగా 6 నుంచి 8 నెలలు పడుతుంది. అప్రూవ్ అయినా మెడికేర్, అంటే పెద్దవాళ్ళకీ వికలాంగులకీ ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, వెంటనే రాదు, అర్హత మొదలయ్యాక 24 నెలలు ఆగాలి. అంటే ఇంకో రెండేళ్ళ తరవాతి సెప్టెంబరు. వచ్చాక కూడా అది పాత బిల్లుల జోలికి వెళ్ళదు. వెనకటి నెలలకి కలిపి ఇచ్చే డబ్బు ఇంటి అద్దెకి, తిండికి కావాలి మీకు. కాబట్టి ఆ అప్రూవల్ కోసం బిల్లుల్ని డ్రాయర్లో పెట్టి కూర్చోవడం కుదరదు.

కుదిరేవి వేరే ఉన్నాయి. అన్నిటికన్నా ముందు న్యూజెర్సీ ఫ్యామిలీకేర్, అంటే అక్కడి మెడికెయిడ్, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్. ఇంట్లో జీతం రావడం లేదు కాబట్టి పేదరిక రేఖకి 138 శాతం లోపు ఆదాయం అన్న షరతులో మీవారు పట్టే అవకాశం ఉంది. డిజేబిలిటీ తేలేదాకా ఆగక్కర్లేదు, ఆదాయం మీదే ఇస్తారు. ఈ నెలలోనే పెట్టండి, ఎందుకంటే అప్లై చేసిన నెలకి ముందు 3 నెలల దాకా, ఆ నెలల్లో అర్హత ఉంటే, కట్టని బిల్లుల్ని కూడా తీసుకుంటుంది. ఇన్సూరెన్స్ లేని మే నెలలో మీవారికి చేయించిన ఫిజియోథెరపీ అందులోకి వస్తుంది. వెనకటి నెలలకి కూడా కావాలని విడిగా అడగాలి, అడగకపోతే వాళ్ళు చెప్పరు. 2027 జనవరి నుంచి ఈ వెసులుబాటు తగ్గిపోతోంది కూడా. మీకు మాత్రం గ్రీన్‌కార్డు వచ్చి 5 ఏళ్ళు కాలేదు కాబట్టి ఇది రాకపోవచ్చు, మీరు గెట్ కవర్డ్ న్యూజెర్సీ అనే రాష్ట్ర ఇన్సూరెన్స్ వెబ్‌సైట్లో ప్లాన్ చూసుకోండి. కుటుంబంలో ఎంతమంది అన్న చోట మిమ్మల్నీ లెక్కలో చూపించాలి, అది మర్చిపోవద్దు.

ఇక హాస్పిటల్ బిల్లు, ఇన్సూరెన్స్ కట్టగా మిగిలిన మీ వాటా. న్యూజెర్సీలో దీనికి ఛారిటీ కేర్ అనే రాష్ట్ర పథకం ఉంది. ఆదాయం పేదరిక రేఖకి 200 శాతం లోపుంటే మొత్తం, 300 శాతం దాకా కొంత మాఫీ. ఆస్తుల మీద కూడా పరిమితి ఉంటుంది. ఇది కాక, లాభాపేక్ష లేని హాస్పిటల్ అయితే ఫెడరల్ పన్ను చట్టం ప్రకారం సొంత సహాయ పథకం పెట్టి తీరాలి. డిశ్చార్జి తరవాతి మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల దాకా అప్లికేషన్ తీసుకోవాలి. మొదటి 120 రోజులు కోర్టుకెళ్ళడం, క్రెడిట్ రిపోర్టులో వేయించడం లాంటివి చెయ్యకూడదు. ఆ మొదటి బిల్లు కవరు పారేయకండి, తేదీ కావాలి.

బిల్లింగ్ ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు మన గోడు అంతా చెప్పబోతాం. అవతల అమ్మాయి ముందు స్క్రీన్ మీద మీ అకౌంటు, కింద నోట్స్ రాసుకునే చిన్న గడి, అంతే ఉంటాయి. ఆ గడిలోకి ఏం ఎక్కిందన్నదే ముఖ్యం. మూడు మాటలు అడగండి: ఫైనాన్షియల్ అసిస్టెన్స్ అప్లికేషన్ పంపండి, ఐటమ్ వారీగా బిల్లు పంపండి, ఇవి తేలేదాకా అకౌంటు హోల్డులో పెట్టి ఆ సంగతి నోట్స్‌లో రాయండి. రాశారో లేదో చదివి వినిపించమనండి. వాళ్ళ పేరు, తేదీ, రిఫరెన్స్ నంబరు మీ పుస్తకంలో రాసుకోండి. ఐటమ్ వారీ బిల్లులో ఒకే స్కాన్ రెండుసార్లు పడటం నేను ఎన్నోసార్లు చూశాను. నెలకి 50 డాలర్లు పంపుతుంటే కలెక్షన్స్‌కి, అంటే బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి, ఇవ్వరని ఎవరైనా చెబితే నమ్మకండి. కాగితం మీద ఒప్పందం లేకపోతే ఆ 50 పంపినా పంపేస్తారు. క్రెడిట్ కార్డు మీద మాత్రం కట్టకండి, హాస్పిటల్ వాళ్ళే ఇచ్చే మెడికల్ కార్డు అయినా సరే. కార్డు మీదకి ఎక్కాక అది మామూలు అప్పు, మాఫీ అడగడానికి ఎవరూ ఉండరు.

పేరు తెలియని డాక్టర్ల బిల్లులు ఛారిటీ కేర్‌లోకి మామూలుగా రావు, ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. కానీ ఎమర్జెన్సీలో చూసిన డాక్టరు మీ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్‌లో లేడని ఎక్కువ వేస్తే కట్టకండి. 2022 జనవరి నుంచి నో సర్‌ప్రైజెస్ చట్టం అది కుదరదంటుంది. రోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్ మాత్రం ఆ ఫెడరల్ చట్టంలో లేదు, హెలికాప్టర్ ఉంది. విడ్డూరమే.

సదరం సంగతి. అక్కడ పర్సంటేజీ లేదమ్మా. 40 శాతం, 80 శాతం అని బోర్డు కూర్చుని వెయ్యదు. ఏ పనైనా చేసి చెప్పుకోదగ్గంత సంపాదించగలడా లేడా, ఆ పరిస్థితి కనీసం 12 నెలలు ఉంటుందా, ఇదే చూస్తారు. అవును లేదా కాదు. మా పేషెంటు వికలాంగుడు అని డాక్టరు ఒక్క ముక్క రాసిస్తే సరిపోదు. ఎంతసేపు కూర్చోగలడు, ఎడమ చేత్తో ఏం పట్టుకోగలడు అన్నది రికార్డులో ఉండాలి. మీకు ఫంక్షన్ రిపోర్ట్ అని ఒక ఫారం వస్తుంది. మనవాళ్ళం దెబ్బతినేది అక్కడే. ఎవరడిగినా ఆయ్, బాగానే ఉన్నారండి అనడం మనకి అలవాటు. ఫారంలో అలా రాయకండి. చొక్కా బొత్తాలు ఎవరు పెడుతున్నారు, అన్నం ప్లేటు పట్టుకోగలరా, స్నానానికి ఎవరు సాయం, మెట్టు దిగితే ఏమవుతోంది, ఉన్నదున్నట్టు రాయండి. బిల్లుకి భయపడి డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మాత్రం ఆపకండి. కొత్త రికార్డు లేకపోతే బాగుపడిపోయాడని అనుకుంటారు. డబ్బు కష్టమైతే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లో ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు.

ఇంకోటి, మీరు రాయలేదు కానీ, న్యూజెర్సీలో రాష్ట్రం ఇచ్చే తాత్కాలిక డిజేబిలిటీ ఉంది, టీడీఐ. 26 వారాల దాకా జీతంలో కొంత వస్తుంది. జబ్బు మొదలైన 30 రోజుల్లో పెట్టాలి. పెట్టకపోతే పక్షవాతం వల్లే ఆలస్యమైందని కారణం రాసి ఇప్పుడైనా పంపండి.

భీమవరం, ప్రస్తుతం డాలస్:

అక్క చెప్పినదానికి రెండు ముక్కలు కలుపుతానండి. మొదటిసారి రిజెక్ట్ అయితే కంగారు పడొద్దు, చాలామందికి అవుతుంది. కొత్తగా అప్లై చెయ్యకండి, 60 రోజుల్లో అప్పీలుకి వెళ్ళండి. కొత్తగా పెడితే పాత తేదీ పోయి వెనకటి నెలల డబ్బు నష్టపోవచ్చు. లాయర్‌కి ముందు పైసా ఇవ్వక్కర్లేదు. గెలిస్తే వెనకటి డబ్బులో 25 శాతం, మామూలు ఒప్పందంలో వాళ్ళు పెట్టిన పరిమితికి (2024 నవంబరు 30 నుంచి 9,200 డాలర్లు చేశారు) మించకుండా, సోషల్ సెక్యూరిటీ వాళ్ళే కోసి ఇస్తారు. మన దగ్గర ప్లీడర్లలా వాయిదాకింత అని ఎవరైనా అడిగితే అతను ఈ పని చేసే లాయరు కాదు.

రెండోది, మన తెలుగు సంఘాల్లో ఎవరో ఒకరు గోఫండ్‌మీ, అంటే ఆన్‌లైన్లో చందాలు, పెడదామంటారు. మంచి మనసుతోనే. కానీ ఆ డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడితే ఎస్‌ఎస్‌ఐకి, అంటే ఆదాయం, ఆస్తి తక్కువున్న వికలాంగులకి ఇచ్చే డబ్బుకి, ఇబ్బంది. దంపతులకి 3,000 డాలర్ల ఆస్తి దాటకూడదక్కడ. ఎస్‌ఎస్‌డీఐకి, అంటే ఉద్యోగంలో కట్టిన సోషల్ సెక్యూరిటీ పన్ను మీద వచ్చేదానికి, ఆ పరిమితి లేదు. మీరు ఏది పెట్టారో, రెండూ పెట్టారో ముందు కనుక్కోండి.

ఆచంట:

అక్కా, అన్నయ్యగారూ, చాలా థాంక్సండి. మామగారితో మాట్లాడాను. ఇవాళ కలెక్షన్ ఏజెన్సీ అని ఒకళ్ళు ఫోన్ చేశారు. అంబులెన్స్ డబ్బు 1,100, కార్డు నంబరు చెబితే ఇప్పుడే 800కి తేల్చేస్తామన్నారు. లేకపోతే క్రెడిట్ పాడవుతుందట. ఇంకోటి, మావారి కంపెనీ నుంచి కోబ్రా అని ఒక కవరు వచ్చి ఉంది, అదేంటి?

పాలకొల్లు నుంచి:

కార్డు నంబరు చెప్పలేదు కదా? ఫోన్లో ఏదీ ఒప్పుకోకండి, బాకీ మాదే అని కూడా అనకండి. రాతపూర్వకంగా వివరాలు పంపమనండి. ఆ కాగితం వచ్చాక 30 రోజుల్లో, ఈ బాకీ రుజువు చూపండి అని ఉత్తరం రాస్తే, చూపించేదాకా వసూలు ఆపాలి. ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి. ఈలోగా అంబులెన్స్ వాళ్ళు అసలు ఇన్సూరెన్స్‌కి క్లెయిమ్ పంపారో లేదో కనుక్కోండి. మార్చిలో ఇన్సూరెన్స్ ఉంది కదా మీకు. చాలాసార్లు కార్డు వివరాలు లేక నేరుగా పేషెంటుకే వేసేస్తారు. క్రెడిట్ గురించి బెదిరింపు కూడా ఉత్తదే. ఏడాది దాటని వైద్య బాకీల్ని, 500 డాలర్ల లోపు వాటిని క్రెడిట్ బ్యూరోలు, అంటే ఎవరు అప్పులు ఎలా కడుతున్నారో రికార్డు పెట్టే కంపెనీలు, చూపించవు. పైగా న్యూజెర్సీలో 2024లో వచ్చిన చట్టం వైద్య బాకీని వాళ్ళకి పంపడమే కుదరదంది.

కోబ్రా అంటే పాత ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించడం. కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి కాబట్టి ప్రీమియం గుండె గుభేలుమనేలా ఉంటుంది, ఇప్పుడే కట్టకండి. కానీ ఆ కవరు భద్రం. ఇన్సూరెన్స్ పోయిన రోజు, ఆ నోటీసు వచ్చిన రోజు, ఈ రెంట్లో ఏది తరవాతదైతే అక్కణ్ణుంచి 60 రోజులు టైముంటుంది. ఈలోగా ఎంచుకుంటే వెనక్కి వెళ్ళి మే 1 నుంచి వర్తిస్తుంది. ఏప్రిల్ 30 నుంచి లెక్కేసినా జూన్ 29 దాకా ఉంది మీకు. ఫ్యామిలీకేర్ వచ్చేస్తే దీంతో పని లేదు. రాదని తేలితే మాత్రం ఆ తేదీ దాటకుండా సంతకం పెట్టాలి. కాబట్టి రేపు పొద్దున్నే కౌంటీ ఆఫీసుకి వెళ్ళి ఫ్యామిలీకేర్ అప్లికేషన్ ఇచ్చెయ్యండి. ఉద్యోగం పోయిన ఉత్తరం, ఆఖరి జీతం స్లిప్పు, మీవారి పాస్‌పోర్టు, మీ గ్రీన్‌కార్డు, అద్దె కాగితం పట్టుకెళ్ళండి. ఇచ్చినట్టు స్టాంపు వేయించుకుని, సాయంత్రం ఇక్కడ రాయండి.