కోడి రక్తకణానికి కేంద్రకం ఉంటే మనకెందుకు లేదు?

నమస్కారమండీ, మాది గుంటూరు బ్రాడీపేట. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి కణాల పాఠంతో నన్ను ఇరుకున పెట్టింది.

మన ఎర్ర రక్తకణంలో కణాన్ని నడిపించే కేంద్రకం ఉండదు, ఆ చోటు కూడా ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కే. అయినా దాదాపు 120 రోజులు బతుకుతుంది. మొక్కల్లో ఆహారాన్ని మోసే చాలనీ నాళ కణాలకీ కేంద్రకం లేదు, కానీ వాటి బాగోగులు చూసే సహకణం పక్కనే ఉంటుంది. మరి ఏ తోడూ లేని రక్తకణం అన్నాళ్లు ఎలా నెట్టుకొస్తుంది?

పైగా పక్షుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది. ఎగరడానికి ఆక్సిజన్ బాగా కావాలి కదా, చోటు ఆక్రమించే ఆ కేంద్రకం అడ్డు కాదా? (మన కోళ్లు ఎగిరేది గోడ దాకానే అనుకోండి.)

మార్కుల జవాబు గైడులో ఉంది. అసలు కారణం తెలిసినవాళ్లు కాస్త చెప్పరూ?